పులిసిన చేపల జాడీ, కొత్త వీసా రూలు

మూడు నెలలకోసారి జూస్ట్ వీసా ముద్ర కోసం చియాంగ్ మై నుంచి సరిహద్దుకు వ్యానెక్కుతాడు. ఆ బెల్జియం మొగుడు వీధి మలుపు తిరగ్గానే రాంఫా పులిసిన చేపల జాడీ మూత తీస్తుంది. అక్కచెల్లెళ్లు దిగిపోతారు. పచ్చి బొప్పాయి దంచి, ఆ చేపల పులుసు కలుపుకుని, ఇల్లంతా కంపు కొట్టేలా తిని, ఆయన్ని నోరారా తిట్టుకుంటారు. ఆయన ఇంట్లో ఉంటే ఆ మూత కదిలీ కదలగానే ముక్కు మూసుకుని, ప్రాణం పోతున్నట్టు నాటకాలాడతాడు మరి.

ఇంతలో ప్రభుత్వం రూలు మార్చింది. ఇకమీదట సరిహద్దుకు పోనక్కర్లేదట, ముద్ర ఊళ్లోనే వేస్తారట. రాంఫా గుండెల్లో రాయి పడింది. వెంటనే వ్యాను నడిపే తవీకి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఈ కొత్త రూలు సంగతి మా ఆయన చెవిన పడనీకు. ఎప్పట్లాగే వచ్చి ఎక్కించుకుపో."

"నా నోరు దాటదులే అక్కా."

"నీ నోరు సంగతి నాకు తెలీదా. ఒట్టెయ్."

"ఒట్టే. పోయిన వారం ఆయనక్కూడా వేశాను, నీకు చెప్పనని."

రాంఫాకి ఒళ్లు మండిపోయింది.

"ఏం, ఇంట్లో ఏం తక్కువైందట ఆ ముసలాడికి?"