పళ్ళెం మీద పిల్లి

మా ఆయన తొకుజో చేసిన ఘనకార్యానికి నవ్వాలో ఏడవాలో తెలియక బట్టీ ముందే చతికిలబడ్డాను.

మా అమ్మాయి సనాయె పెళ్ళికొచ్చే చుట్టాలకు ఇద్దామని పింగాణీ పళ్ళేలు చేశాం. వాటి మీదకి పాతకాలపు చెక్క అచ్చుతో వేసిన ఓ బొమ్మని ఎంచుకున్నాం, గొడుగు పట్టుకున్న అందగత్తె. దాన్ని రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని పళ్ళేనికి అద్దుతాం. బొమ్మ కాగితం మీద ఒకసారి, పళ్ళెం మీద ఇంకోసారి తిరగబడుతుంది కాబట్టి రేకు మీద ఉన్నదున్నట్టే చెక్కాలి. ఈయనేమో చెక్క అచ్చులు చెక్కే ఇంట్లో పుట్టాడు. అక్కడ బొమ్మ ఒక్కసారే తిరగబడుతుంది, అందుకని తిరగేసే చెక్కుతారు. చిన్ననాటి చెయ్యి ఊరుకుంటుందా? ఇక్కడా తిరగేసి కూర్చున్నాడు.

బట్టీ తెరిచి చూస్తే ఏముంది, అందగత్తె ఒంటికి చుట్టుకున్న కిమోనోకి ఎడమ అంచు మీదికి కుడి అంచొచ్చింది. బతికున్నవాళ్ళకు ఎడమ అంచే పైన. కుడి అంచు పైకి కట్టేది శవానికి. పెళ్ళి కానుకగా శవమా! పైగా మా వియ్యపురాలు హిసానోగారు కిమోనో కట్టడం నేర్పే పంతులమ్మ. రేపోమాపో చూడటానికి వస్తారు. సంబంధం ఎక్కడ చెడుతుందోనని నా భయం.

అంత పట్టి ఎవరు చూస్తారని ఆయన గొణిగితే, ఆవిడకి కళ్ళు లేవనుకున్నారా అని దులిపేశాను.

సనాయె మాత్రం చిక్కటి తెల్లరంగు కలిపి, అందగత్తె గుండెల మీద బొద్దుగా ఓ పిల్లిని గీసింది. మెడ దగ్గరి కట్టు మాయం. అన్నిటికీ అలాగే గీసి, సన్న మంట మీద మళ్ళీ కాల్చాం. మీసాలు తను గీస్తానని ఆయన ముందుకొస్తే, మీ చెయ్యి చేసింది చాల్లెండి అన్నాను.

హిసానోగారు వచ్చారు. టీ తాగి, పళ్ళెం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"పిల్లి ముద్దుగా ఉంది వదినగారూ. మెడ దగ్గర దాచారు సరే, కాళ్ళ దగ్గర మాటేమిటి?"

వంగి చూశాను. అక్కడా కుడి అంచే పైనుంది. మా ఆయన చాప మీద తల ఆనించి, తప్పంతా తనదేననీ, పిల్లదానికేమీ తెలియదనీ, పెళ్ళి మాత్రం ఆపొద్దనీ బతిమాలాడు. ఆ మొండిమనిషి నోట తప్పు అన్నమాట వినడం అదే మొదలు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

పిల్లిని గీసిందెవరని ఆవిడ అడిగారు. నేనేనంది సనాయె.

"ఇలా సర్దుకొచ్చే కోడలు దొరికితే పెళ్ళెందుకు ఆపుతానండీ? మా ఇంట్లో సర్దాల్సినవి బోలెడున్నాయి. కుంచె ఇలా తేవే అమ్మాయ్, కాళ్ళ దగ్గర ఓ పిల్లికూనని గీద్దాం."

ఆవిడ గీసిన కూనలు అచ్చం ఎలకల్లా వచ్చాయి. మాలో ఒక్కరు నోరెత్తితే ఒట్టు.