టైరు కింద రాయి

ఘాట్ రోడ్డులో లారీ ఆగితే మా సాలూరు లారీవాళ్లం ముందుగా చేసే పని వెనక టైరు కింద రాయి పెట్టడం. ఇంజను సంగతి తర్వాత, బోల్టు సంగతి తర్వాత. హ్యాండు బ్రేకుని నమ్ముకున్నవాడు కొత్త డ్రైవరు. దీనికో కట్టుబాటు కూడా ఉంది. రాయి ఎవడు పెట్టాడో వాడే తీయాలి. తీసేముందు "రాయి తీస్తన్నానూ" అని కొండ మారుమోగేలా అరవాలి. లారీ కింద మనిషి ఉంటే బతికిపోతాడని. తప్పతాగినవాడు కూడా ఈ ఒక్కటీ మరిచిపోడు.

నా రెండు కాళ్లూ పోయాయి. ఊరంతా దాన్ని ప్రమాదం అంటోంది. ప్రమాదమట, వాళ్ల మొహం! రాయి పెట్టినవాడు ఒకడు, తీసినవాడు ఇంకొకడు. తీసినవాడు అరవలేదు. అంతే జరిగింది.

నేను, ధనరాజ్, సోములు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకేసారి పదో తరగతి తప్పినవాళ్లం. క్లీనర్లుగా లారీలెక్కి, చివరికి ముగ్గురం కలిసి ఒక పాత లారీ కొనుక్కున్నాం. స్టీరింగు నాది, సోములు రెండో డ్రైవరు, ధనరాజ్ లోడ్లు మాట్లాడేవాడు. భోగాపురంలో విమానాశ్రయం వస్తుందంటే జనం నవ్వే రోజుల్లో, ఆ దగ్గర్లో ఒక జీడితోట అమ్మకానికి వచ్చింది. ముగ్గురం డబ్బులేసుకుని కొన్నాం. రిజిస్ట్రేషన్ మాత్రం ధనరాజ్ పేరు మీద.

"ముగ్గురం ఆఫీసు సుట్టూ తిరగడం ఎందుకురా? పైడితల్లమ్మ మీద ఒట్టు. మీది మీదే" అన్నాడు.

లారీవాళ్లలో మాటంటే మాటే. లోడుకి లోడు నోటిమాట మీద దేశం దాటిస్తాం. నమ్మాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట, మా అమ్మ ఊరికే అనేది కాదు. నా భార్య ఉషకి తోట సంగతి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు. ధనరాజ్ పేరెత్తితేనే, "ఆడికి నోట్లో సక్కెర, కడుపులో కత్తెర" అనేది. ఆడవాళ్లకి అనుమానాలెక్కువ అని నేను నవ్వేసేవాణ్ణి. నా బుద్ధి గడ్డి తిని!

విమానాశ్రయం కట్టడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల భూమి బంగారమైపోయింది. ఒకరోజు టీ కొట్టు దగ్గర ధనరాజ్‌తో అన్నాను: "ఒరే, ఇప్పుడైనా ముగ్గురి పేరునా రాయించీరా. ఇంట్లో నా ఆడగుంట పెద్దదవతంది."

"దానికేటిరా! ఈ ట్రిప్పు అవనీ, రాయించీద్దాం" అని నా భుజం మీద చెయ్యేశాడు. టీ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు.

ఆ ట్రిప్పుకి తనూ వస్తానన్నాడు. ఘాటెక్కి ఏళ్లయినవాడు, తెల్ల బూట్లేసుకుని క్యాబిన్లోకి ఎక్కాడు. సోములు వాడి మొహం చూడకుండా బయటికి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడైనా నా మట్టి బుర్రకి తట్టలేదు.

సిమెంటు లోడుతో ఒడిశా వైపు ఎక్కుతున్నాం. ఒక మలుపు దాటగానే కింద నుంచి టకటకా చప్పుడు. ఇంజను నుంచి వెనక చక్రాలకి వెళ్లే రాడ్డు జాయింటు బోల్టులు వదులయ్యాయి. ఇక చక్రానికి గేరు పట్టు ఉండదు. లారీ ఆపేశాను. సోములు దిగి వెనక్కి వెళ్లాడు.

"రాయి పెట్టీసినాను, దిగరా" అన్నాడు.

స్పానరు పట్టుకుని కిందికి దూరాను. నడుము పైభాగం లారీ కింద, కాళ్లు ముందు టైరుకి వెనకగా బయటికి. రెండో బోల్టు బిగిస్తుండగా వెనక నుంచి రాయి మీద ఇనుము పడ్డ చప్పుడు వినిపించింది. తల తిప్పి చూశాను. వెనక టైరు దగ్గర తెల్ల బూట్లు. జాకీ రాడ్డుతో రాయిని కొడుతున్నాడు.

"ఒరే, నాను కిందున్నానురా!" అని అరిచాను.

రాడ్డు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకా గట్టిగా పడింది.

రాయి దొర్లింది. లారీ వెనక్కి జారి కొండ గట్టుకి కొట్టుకుని ఆగింది. ఆగేలోపల ముందు టైరు నా రెండు కాళ్ల మీదికీ ఎక్కి కూర్చుంది. ఆ నొప్పిని చెప్పడానికి నాకు మాటలు లేవు. అరిచాను, ఏడ్చాను, అమ్మని పిలిచాను. ఆ తర్వాత దండం పెట్టాను.

"ధనరాజూ! జాకీ సీటు కింద ఉన్నాదిరా! బేగి ఎత్తండిరా, నీ కాళ్లు పట్టుకుంటాను!"

"జాకీ లేదురా. నువ్వే ఎక్కడో మర్సిపోనావు" అన్నాడు. జాకీ రాడ్డు ఇంకా వాడి చేతిలోనే ఉంది. దాని చివర నేల మీద ఆనడం నాకు కనిపిస్తూనే ఉంది.

సోములు క్యాబిన్ వైపు కదిలాడు. "ఉన్నాదిరా ధనరాజూ, నాను తీస్తాను..."

"ఉండ్రా. మూడు ముక్కలకంటే రెండు ముక్కలు పెద్దయి. నువ్వేటీ సెయ్యక్కర్లేదు. ఊరికే ఉండు, సాలు."

సోములు వంగి లారీ కిందికి చూశాడు. నా కళ్లల్లోకి చూశాడు. వాడి మొహం నిండా కన్నీళ్లు. చెయ్యి చాపాను, అందుకోలేదు. "నానేటి సెయ్యనురా హరీ" అన్నాడు, నేనేదో వాణ్ణి ఇరుకులో పెట్టినట్టు. లేచి పక్కకి వెళ్లిపోయాడు. నిజానికి నన్ను సగం చంపింది వాడే. ధనరాజ్ రాయి తీశాడు, సోములు ఊరికే ఉన్నాడు.

నా అరుపులు ఎవరికీ వినపడకుండా ధనరాజ్ క్యాబినెక్కి ఇంజను స్టార్టు చేశాడు. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. కూతురి మొహం గుర్తు తెచ్చుకుందామంటే అదీ రాలేదు. సిమెంటు దుమ్ము కళ్లలో పడుతోంది. తుడుచుకునే ఓపిక కూడా పోయింది.

నన్ను కాపాడింది దేవుడు కాదు, ఒక బస్సు. మలుపు తిరిగి వచ్చేసరికి దారికి అడ్డంగా లారీ. జనం బిలబిలమని దిగారు. అంతే, ఇంజను ఆగిపోయింది, లేని జాకీ సీటు కింద నుంచి ఊడిపడింది! ధనరాజ్ తల బాదుకుంటూ, "మా హరిబాబురా! మా పేణం రా!" అని ఏడుస్తూ నన్ను బయటికి లాగాడు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. ఆ వీడియో మా సాలూరులో చూడనివాడు లేడు.

నేను ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి కాళ్లు లేవు. రాయి దానంతటదే జారిందని ధనరాజ్ పోలీసులకి అప్పటికే చెప్పేశాడు, సోములు సాక్ష్యం.

ఉషకి మొత్తం చెప్పాను, తోట సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా దుప్పటి సర్దింది.

"ఎవులు నమ్ముతారు? బస్సోళ్లందరూ ఆడు నిన్ను లాగడమే సూసినారు. తోట ఆడి పేరునున్నాది. నీ మందులూ, గుంట ఫీజూ ఆడే కడతన్నాడు."

"అయితే ఏటి సెయ్యాల?"

"నీకు తెలుసని ఆడికి తెలీకూడదు. తెలిసిందా, ఈసారి పని సగంలో ఒగ్గడు."

మింగలేక కక్కలేక, అప్పట్నుంచీ అలాగే బతుకుతున్నాం. ధనరాజ్ చక్రాల కుర్చీ తెచ్చాడు. మా ఇంటి అరుగు ఎత్తుగా ఉందని మేస్త్రీని పిలిచి సిమెంటు వాలు కట్టించాడు. వాలు తిన్నగా వెళ్లి మెయిన్ రోడ్డులో కలుస్తుంది. ఆ రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతుంటాయి. "స్నేహితుడంటే ధనరాజే" అంటారు ఇరుగుపొరుగు. తోట అమ్మేశాడని ఎవరూ చెప్పలేదు. సోములు కొత్త బైకు మీద తల వంచుకుని మా వీధి దాటుతుంటే అర్థమైంది.

ప్రతి ఆదివారం ధనరాజ్ పళ్లు పట్టుకుని వస్తాడు. నన్ను గాలికని వాలు మీదికి తెచ్చి, చక్రం కింద రాయి పెట్టి, పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. వచ్చిన ప్రతిసారీ ఒకటే అడుగుతాడు.

"ఆ దినం నీకేటైనా గుర్తున్నాదా?"

"ఏటీ లేదురా. బోల్టు బిగిస్తన్నాను, అంతే" అంటాను. నవ్వుతాను కూడా. నా బతుకు ఆ నవ్వు మీద ఉంది.

మొన్న ఆదివారం టీ తాగి, గ్లాసు కింద పెట్టి, వంగి రాయి మీద చెయ్యి వేశాడు. తల ఎత్తి నా మొహంలోకే చూస్తూ, వీధంతా వినపడేలా అరిచాడు.

"రాయి తీస్తన్నానూ!"

ఘాట్లో అరవని అరుపు అది. అయినా నవ్వాను. "తియ్యరా, ఇంట్లోకి తోసీ" అన్నాను.

తీసేశాడు. కుర్చీ కదల్లేదు.

ధనరాజ్ కిందికి చూశాడు, నేనూ చూశాను. గ్లాసులు తీయడానికి వచ్చినట్టు నా వెనక నిలబడిన ఉష, రెండో చక్రం కింద తన పాదం పెట్టి ఉంది. వాడు అరవకముందే పెట్టింది. వేళ్లు నలిగి ఎర్రబడ్డాయి. మొహంలో మాత్రం ఏమీ లేదు. "అన్నయ్యా, ఇంకో టీ పెట్టమంటావేటి?" అంది.

వాడు ఆ పాదాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఉషని, ఆ తర్వాత నన్ను. రాయిని మళ్లీ చక్రం కింద పెట్టలేదు. చేతిలోనే అటూ ఇటూ తిప్పుతూ లేచాడు.

"సెల్లికి జాగర్త ఎక్కువే" అన్నాడు. "వద్దులే అమ్మా టీ. ఆదివారం వస్తాను."

ధనరాజ్ బైకు మలుపు తిరిగిపోయింది. రాయి కూడా వాడితోనే పోయింది. నేను చక్రాలు గట్టిగా పట్టుకుని, "ఇంక తీసీవే ఉషా, పాదం" అన్నాను. ఉష తీయలేదు.