నీటికాకులు లేవని ఉదయం

అసలు తెర నల్లగానే ఉండాలి, ఏమీ కనపడకూడదు, ముందు నీళ్ళ చప్పుడు, ఆ తరువాత విరిగిన గొంతు, హో అని కాదు, హ్హ అని సగంలో తెగిపోవాలి, అప్పుడు వెలుగు, వెలుగులో చేపల చెరువు, మేత సంచులు కట్టే కర్రల మీద నీటికాకులు, మనిషి అరుస్తాడు, ఒక్కటి కూడా లేవదు, ఒక కాకి మాత్రం తల తిప్పి చూసి మళ్ళీ రెక్కలు ఆరబెట్టుకుంటుంది, పేరు పడుతుంది, ఇంతకంటే మంచి ప్రారంభం మా కాలేజీలో ఎవడు తీస్తాడు, మనోజ్ తీస్తాడా, తాడేపల్లిగూడెం స్టేషన్లో కదిలే రైలు వెంట పరిగెత్తే అమ్మాయిని తప్ప ఇంకేమైనా ఊహించాడా వాడెప్పుడైనా, ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు మొదటి నిమిషం చూసి ఒక్క సినిమాను ఎంచుతారట, ఆ నిమిషం నాది కావాలి, కెమెరా రేపు సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి, నేనేమో పెదపాడు అవతల ఈ గట్టు మీద పొద్దున్నే మంచుకు తడుస్తూ కూర్చున్నాను, ఆయనేమో బాగుపడిపోయారు.

బాగుపడిపోయారు, నాకు ఇంతకంటే అన్యాయం ఎవరైనా చేస్తారా, పోయిన నెల వచ్చినప్పుడు భాగ్యశ్రీ వాళ్ళ నాన్న బంగార్రాజుగారు పక్షవాతం నుంచి అప్పుడే లేచి ఉన్నారు, నోరు ఒక పక్కకు లాగేసి ఉంది, చేపలు తినే కాకుల్ని తోలడానికి పక్క చెరువుల వాళ్ళు టపాకాయలు కాలుస్తారు, మా నాన్న ఒక్క కేకతో చెరువంతా లేపేవాడే అని భాగ్యశ్రీ హాస్టల్లో గొప్పలు చెప్పేది, ఆ రోజు ఆయన గట్టు చివర నిలబడి అరిస్తే ఆ హ్హ వచ్చింది, పక్షులు కదల్లేదు, భాగ్యశ్రీ మొహం తిప్పుకుని ఏడ్చింది, నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది, దొరికింది అనుకున్నాను, నిజంగా ఆ మాటే అనుకున్నాను, దాని వీపు నిమురుతూనే కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకున్నాను, ఏలూరులో మా నాన్న టైలరు, కొలత తీసేటప్పుడు మనిషి మొహం చూడరు, భుజం, ఛాతీ, చేతి పొడవు, అంతే, ఆ చూపు నాకూ వచ్చినట్టుంది.

ఇందాక ఆయన అరిచారు, హో అని, నిండుగా, చెరువు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి, భాగ్యశ్రీ చప్పట్లు కొట్టింది, చూశావా నాజియా, ఇంకో నెలకి పూర్తిగా వచ్చేస్తుందన్నారు డాక్టరుగారు అంది, చాలా సంతోషంగా ఉందే అన్నాను, అటు పాకలో భాగ్యశ్రీ వాళ్ళ అమ్మ సుందరమ్మగారు పొయ్యి మీద టీ పెట్టారు, ఆ కేక వినపడిందంటే కాకులు లేచాయి, మనిషి గట్టు చుట్టి వస్తున్నాడు అని ఆవిడకు లెక్క, ఆయన పడిపోయిన పొద్దున కూడా ఆవిడ అలాగే కేక కోసం చూస్తుంటే ఆ హ్హ వినపడిందట, అది బస్సులో భాగ్యశ్రీ చెప్పింది, నేను కిటికీలోంచి చెరువులు చూస్తూ విన్నాను.

అంకుల్, పోయిన నెలలో అరిచారు కదండీ, అలా ఒక్కసారి అరుస్తారా అండీ అన్నాను, అదేంటే, మా నాన్నని మళ్ళీ అలా చెయ్యమంటావేంటి అని భాగ్యశ్రీ నా చెయ్యి పట్టుకుంది, ఆయనే, పర్లేదులేవే, పాపం అంత దూరం నుంచి వచ్చింది, ఎలా అరిచానమ్మా, నాకేం గుర్తు, నువ్వే చెప్పు అన్నారు, చెప్పాను, నోరు ఒక పక్కకు లాగి, నాలుక బరువు చేసి, ఆయన ముందే, అచ్చం ఆయన గొంతుతో, మెల్లగా హ్హ అని చూపించాను, ఆయన బడిపిల్లాడిలా నా నోటి వంకే చూసి నేర్చుకున్నారు, పక్షులు మళ్ళీ వచ్చి వాలేదాకా ఆగి కెమెరా వాటి మీద పెట్టాను, హ్హ అన్నారు, గట్టిగా, ఒక్క కాకీ లేవలేదు, అచ్చం నేను అనుకున్నట్టే.

అప్పుడు వచ్చారు సుందరమ్మగారు, గట్టు మీద, చేతిలో టీ వడగట్టే జల్లెడ, కాలికి ఒక్క చెప్పు, బురదలో జారి లేచి, ఏవండీ ఏవండీ అంటూ, ఆయన నవ్వుతూ చెయ్యి ఊపుతున్నా ఆగలేదు, వచ్చి ఆయన బుగ్గలు రెండూ పట్టుకుని నోరు తిన్నగా ఉందో లేదో తడిమారు, నా పేరు చెప్పండి, చెప్పండి అన్నారు, సుందరం, సినిమా కోసం అరిచానంతే సుందరం అన్నారాయన, ఆవిడ అక్కడే బురదలో కూలబడిపోయారు, కెమెరా మాత్రం నీటికాకుల్ని చూస్తోంది, నా జన్మలో ఇంత ఏడుపు రాలేదు నాకు, ఇదే ప్రారంభం, కాకులు కాదు, ఈ పరుగే, పోయింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని నా దగ్గరికొచ్చి, పొద్దున్నే ఏమైనా తిన్నావామ్మా అన్నారు, తిన్నానండీ, ఆంటీ, ఇంకొక్కసారి అలా పరిగెత్తుకుంటూ వస్తారా అండీ అన్నాను, భాగ్యశ్రీ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది, ఆవిడ పాపం కాదనలేక వచ్చారు, కొంగు సర్దుకుంటూ, కెమెరా వైపు చూసి సిగ్గుపడుతూ, రెండో చెప్పు కూడా వేసుకుని, ఎందుకూ పనికిరాదు, ముందే తెలిసిన మనిషికి ఆ భయం రాదు, తెలియకుండా రావాలి, రేపు పొద్దున ఉందింకా, కెమెరా పాక వైపు పెట్టి, ఆవిడకు చెప్పకుండా, భాగ్యశ్రీకి కూడా చెప్పకుండా, కానీ ఆయన ఒప్పుకోరు, పెళ్ళాన్ని బురదలో చూసిన మనిషి మళ్ళీ ఎందుకు అరుస్తారు, సరే, ఆయన అరవకపోతేనేం, ఆయన గట్టు అవతలి మలుపు తిరిగాక చాలు, ఆ గొంతు నాకు వచ్చు.