చీటీలో అయిదో పని

వాకీటాకీలు చార్జింగులో పెట్టాలి. ఇనుప తాళ్ళకు పోగులు లేచాయేమో చూడాలి. పన్నెండో అంతస్తుకు ఊచల కట్టలు ఎక్కించాలి. కొత్త హెల్మెట్లకు సంతకం పెట్టాలి. బావను డాక్టరుకు చూపించాలి.

సిగ్నల్‌మ్యాన్ చొక్కా జేబులోని చీటీలో ఉన్న పనులివి. మొదటి నాలుగూ రోజుకొక రకంగా మారేవి. అయిదోది మాత్రం సోమవారం నుంచి గురువారం దాకా చీటీలు మారినా తాను మారలేదు. అది అక్క రాయించిన పని.

"బాత్రూములోకి వెళ్ళిన మనిషి పావుగంటైనా రావట్లేదురా. లోపల పళ్ళు బిగబట్టి మూలుగుతున్నాడు. అడిగితే వేడి చేసిందంటాడు. నీకైతే చెప్తాడు, కనుక్కో" అంది అక్క.

బావది క్రేను నడిపే పని. మేడకంటే ఎత్తున ఒక గాజు గది, అందులో ఒక కుర్చీ, రెండు హ్యాండిళ్ళు. నిచ్చెనలెక్కి అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. బరువు ఎక్కడుందో పైనుంచి కనిపించనప్పుడు, కింద నిలబడి "ఎత్తు, ఆపు, కుడికి" అని వాకీటాకీలో చెప్పడం సిగ్నల్‌మ్యాన్ అయిన బావమరిది పని.

రెండు నెలల కిందట బావ ఒకే పూటలో రెండుసార్లు ఒంటికని కిందికి దిగాడు. మూడోసారి దిగుతానన్నప్పుడు బావమరిది నోరు ఊరుకోలేదు.

"ఏంటి బావా, నెలలు నిండాయా? మంత్రసానిని పిలవనా?"

వాకీటాకీలన్నీ ఒకే లైనులో ఉంటాయి. అన్ని అంతస్తుల్లోనూ నవ్వులు. "పేరు కూడా చూసి పెట్టండయ్యా" అని మేస్త్రీ అందుకున్నాడు. బావ కూడా నవ్వాడు. "నీ సంగతి తర్వాత చెప్తాలేరా" అన్నాడు.

ఆ తర్వాత బావ భోజనాల వేళ దాకా దిగడం మానేశాడు. నీళ్ళ సీసా నిండుగా పైకి వెళ్ళి నిండుగానే కిందికి వచ్చేది. బావమరిది అది రోజూ చూశాడు. బావకు ఒళ్ళు కుదుటపడిందనే అనుకున్నాడు.

గురువారం పొద్దున్న ఎండలో బావ స్వెట్టరు వేసుకొచ్చాడు.

"చలేస్తోందా బావా?"

"పైన గాలిరా."

"సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదాం. అక్క నా ప్రాణం తోడేస్తోంది."

"ఒంటికెళ్తే మంటేగా, దానికి డాక్టరేంట్రా? ఆడవాళ్ళకొచ్చే జబ్బు నాకొచ్చిందని తెలిస్తే, ఈసారి మేస్త్రీ నిజంగానే పేరు పెట్టేస్తాడు." నవ్వుతూ నిచ్చెన ఎక్కాడు.

పది గంటలప్పుడు ఊచల కట్ట ఎనిమిదో అంతస్తు దగ్గర ఆగిపోయింది.

"బావా, ఎత్తు." కట్ట కదల్లేదు. "బావా?"

"ఒరేయ్... ఆ లైటు ఆర్పమను మీ అక్కని. కళ్ళు మండుతున్నాయి."

ఎండ నెత్తి మాడుస్తోంది. బావ జ్వరంలో పలవరిస్తున్నాడని బావమరిదికి అర్థమైంది. కట్ట కింద పనిచేస్తున్నవాళ్ళను అరిచి పక్కకు తరిమాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"బావా, నేనే. నా మాట విను. దించు. మెల్లగా. ఇంకా... ఇంకా..."

కట్ట జానెడు జానెడుగా దిగింది. చప్పుడు లేకుండా నేలను తాకింది.

"దిగిందా?"

"దిగింది బావా."

"సరే అయితే."

పైకెక్కి చూస్తే బావ తల హ్యాండిళ్ళ మీద వాలి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. స్ట్రెచరుకు కట్టి దించారు.

"మూత్రంలో చీముంది. ఇన్ఫెక్షను రక్తంలోకి పాకింది" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

"మగాళ్ళకి కూడా వస్తుందా మేడమ్?" అన్నాడు బావమరిది.

"ఎందుకు రాదు? మగవాళ్ళకొస్తే అసలు తేలిగ్గా తీసుకోకూడదు. ఈయనకి ప్రోస్టేటు గ్రంథి వాచి ఉంది. పైగా నీళ్ళు తాగకుండా, ఆపుకుంటూ కూర్చున్నట్టున్నాడు. మొదట్లోనే వస్తే మాత్రలతో తగ్గేదేమో. మాటిమాటికీ ఒంటికి వెళ్ళుంటాడే, ఎవరూ గమనించలేదా?"

గమనించాడు. అందరికంటే ముందు గమనించింది తనే. గమనించి, ఊరంతా వినేలా నవ్వాడు.

శనివారం మధ్యాహ్నం బావ పోయాడు.

"ఒంటికెళ్తే మంటపుట్టినంత మాత్రాన మనిషి పోతాడురా?" అక్క అదే మాట గోడనడిగింది, నర్సునడిగింది, తమ్ముణ్ణి అడిగింది. ఏడుపింకా రాలేదు ఆమెకు.

"నా వల్లేనక్కా. ఆ రోజు దిగుతానంటే నేను..."

"మంత్రసాని మాటేగా? ఇంటికొచ్చి చెప్పాడు. చెప్పి ఎంత నవ్వాడో. నేనూ నవ్వాను."

ఆ చీటీ ఇంకా తమ్ముడి చొక్కా జేబులోనే ఉంది. పై పనుల్లో కొన్నింటికి గీతలు పడ్డాయి, అయిదోదానికి పడలేదు.

మీరెప్పుడైనా కట్టే మేడ పక్కనుంచి వెళ్తూ తలెత్తితే, పైన ఒక గాజు గది కనిపిస్తుంది. ఒళ్ళు తెలియని జ్వరంలో కూడా ఎవరి నెత్తినా పడకుండా బరువు దించి, "దిగిందా?" అని అడిగిన ఆ బావను అప్పుడొక్కసారి తలుచుకోండి.