పచ్చగళ్ల లుంగీ

మా ఆయన రామబ్రహ్మం గారికి రిటైరయ్యాక గోరింకల పిచ్చి పట్టుకుంది. పొద్దున్నే పెరట్లో జామచెట్టు కింద పీట వేసుకుని, రాత్రి మిగిలిన అన్నం అరచేతిలో పెట్టుకుని కూర్చుంటారు. గోడమీది గోరింకలన్నీ దిగి చుట్టూ చేరతాయి. వాటిలో ఒకదానికి కాలు వంకర. అది ఏకంగా ఆయన మోకాలెక్కి చేతిలోదే తింటుంది. దాన్ని "బంగారుతల్లీ, రామ్మా" అని పిలుస్తారు. ఇన్నేళ్ల కాపురంలో నన్నలా పిలిచిన పాపాన పోలేదు.

ఈ గొప్పంతా నా తమ్ముడు భార్గవకి ఫోన్లో చెప్పుకున్నారు. అదే పొరపాటు. జగ్గయ్యపేటలో మా వాళ్ల గృహప్రవేశానికి వెళితే, బంతిలో అందరి ముందూ వాడు మొదలుపెట్టాడు.

"మా బావ తినిపిస్తేగాని నందిగామ గోరింకలు ముద్ద ముట్టవంట. నెయ్యి కూడా వేస్తున్నావా బావా?"

అందరూ పొలమారేదాకా నవ్వారు. మా ఆయన విస్తరి ముందునుంచి లేచి, "రెండో శనివారం నీకు సెలవేగా. వచ్చి నీ కళ్లతో చూసుకో" అన్నారు. అది మొదలు ఆ శనివారం తప్ప ఆయనకి మరో ధ్యాస లేదు.

తమ్ముడొస్తున్నాడని ముందురోజు ఇల్లు సర్దాను. ఆయన రోజూ పెరట్లో కట్టుకునే పచ్చగళ్ల లుంగీ ఒకటుంది. అంచు ఊడిపోయి, వెనక చిల్లులు పడి, కట్టుకున్నా ఒకటే కట్టుకోకపోయినా ఒకటే. పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే పున్నమ్మ వీధిలోకి రాగానే దాన్నీ, రెండు చీరల్నీ ఇచ్చి మూతగిన్నె తీసుకున్నాను. చీరల కోసం పాపం లుంగీని కూడా భరించింది.

శనివారం పొద్దున ఆయన లుంగీ అడిగితే ఇస్త్రీ పంచె చేతికిచ్చాను. భార్గవ కాఫీ గ్లాసుతో కుర్చీలో బైఠాయించాడు. ఆయన తెల్లగా తయారై పీటమీద కూర్చుని చెయ్యి చాపారు. గోరింకలు గోడమీంచి చూశాయి. దిగలేదు. బావమరిది ముందు "బంగారుతల్లీ" అనడానికి సిగ్గేసిందేమో, ఆయన నోరు కూడా మెదపలేదు.

"పర్లేదు బావా. ఇవాళ ఉపవాసమేమో" అన్నాడు వాడు.

నా మొగుణ్ణి నేనేమైనా అంటాను. ఇంకొకరంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. వాడి గ్లాసు లాక్కుందామని లేచేసరికి గోరింకలన్నీ ఒక్కసారిగా ఎగిరి వీధిలోకి పోయాయి. వెంటనే "హుష్, హుష్" అని పున్నమ్మ గొంతు వినిపించింది. వెళ్లి చూస్తే తట్ట దించుకుని మా గోడ పక్కనే టిఫిను తింటోంది. భుజాన పచ్చగళ్ల లుంగీ. చుట్టూ మా గోరింకలు.

"ఏందమ్మా ఈ పిట్టలు? ఈ గుడ్డ చూసి నా మీద పడతన్నయి. సగం ఇడ్లీ అయ్యే తిన్నయి."

"ఆ లుంగీ ఇటివ్వు పున్నమ్మా."

"మరి గిన్నో?"

గిన్నె నేను వదలను. ఒక్కసారే కట్టిన చీర ఇచ్చి ఆ చిల్లుల గుడ్డని వెనక్కి తెచ్చుకున్నాను. ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నా. ఆయన మొహం ఇంకా వాడిపోయింది.

"అంటే ఇన్నాళ్లూ అవి లుంగీ కోసం వచ్చాయన్నమాట. నా కోసం కాదు."

భార్గవకి మాత్రం హుషారొచ్చింది. "అయితే నా దగ్గరికీ వస్తాయి" అంటూ ప్యాంటు మీదే లుంగీ చుట్టుకుని, బావని తన కుర్చీలో కూర్చోబెట్టి, పీటమీద కూర్చుని అన్నం పట్టుకున్నాడు. నిజంగానే గోరింకలు దిగాయి. వంకరకాలుది గెంతుకుంటూ వచ్చి వాడి మోకాలెక్కింది. అన్నం చూసింది. తల పక్కకి వంచి వాడి మొహమూ చూసింది. గట్టిగా అరిచి కిందికి దూకేసింది.

మా ఆయన ఆగలేకపోయారు. కుర్చీలోంచే పిలిచారు.

"బంగారుతల్లీ, ఇటు రామ్మా."

అది లుంగీని తొక్కుకుంటూ అడ్డంపడి వచ్చి, ఇస్త్రీ పంచె మీదికెక్కి, ఆయన ఖాళీ అరచేతిలో ముక్కు పెట్టి వెతికింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్గవ తన చేతిలో అన్నం తీసి ఆయన చేతిలో పెట్టాడు. గోరింక మెతుకు మిగల్చకుండా తిని, పంచె మీద ఇంత రెట్ట వేసి ఎగిరిపోయింది.

తుడుస్తానని తడిగుడ్డ తెచ్చాను. తుడవనివ్వలేదు. భోజనానికి కూడా ఆ పంచెతోనే వచ్చి, ఆ మరక భార్గవకి కనపడేలా సర్దుకుని కూర్చున్నారు.

"అహల్యా, మీ తమ్ముడికి నెయ్యి వెయ్యి" అన్నారు.