పామిడి నుంచి రావాల్సిన మనిషి

సుబ్బలక్ష్మమ్మ సంగటి తట్ట ముందు పెట్టగానే ముత్యాలప్ప పక్కకు నెట్టేశాడు.

"ఎవురమ్మా నువ్వు? నా పెండ్లాం పామిడికి పోయిండాది. అది వచ్చేదాకా పరాయి ఆడమనిషి చేతి కూడు ముట్టను."

పరాయిదట! ధర్మవరంలో ఈ ఇంట కోడలుగా అడుగుపెట్టి, ఈయన బిడ్డల్ని కని, ఈయన కోపాలన్నీ భరించిన మనిషికి ఎంత మాట! పామిడి ఆమె పుట్టిల్లే. పెళ్లి ఫోటో తెచ్చి చూపించింది. "ఇదే నా పెండ్లాం. నువ్వు ముసల్దానివి" అనేశాడు. మతిమరుపు జబ్బు ముదిరితే ఇలాంటి భ్రమలు పుడతాయనీ, వాదించొద్దనీ డాక్టరు చెప్పాడు. ఆయనకేం, చెప్పి ఊరుకున్నాడు. నిన్నటి నుంచీ మనిషి మంచినీళ్లు తప్ప ఏదీ మింగలేదు. చూస్తూ చూస్తూ ఎలా ఊరుకుంటుంది?

"అట్లయితే పస్తుండు పో!" అని విసురుగా లేచి మగ్గం దగ్గర కూర్చుంది. కొడుకు ఓబిలేష్ నేసే చీరకు కొత్త పడుగు, నిలువు పోగుల కట్ట, వచ్చింది. మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొనలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే అతకాలి. అది ఇద్దరి పని. ఒకరు పోగు అందిస్తే, ఎదురుగా కూర్చున్నవాళ్లు పోగు జారకుండా బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెడతారు.

కాసేపటికి ముత్యాలప్ప వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. బూడిదలో వేళ్లు అద్దుకుని చెయ్యి చాపాడు. కన్నబిడ్డల పేర్లు పోయాయి గానీ ఈ పని ఎక్కడికీ పోలేదు. ఆమె పోగు అందించింది.

"నాకు పోగులందించేది నా పెండ్లామేనమ్మా" అన్నాడు మెలిపెడుతూ. "చేతులకు బూడిదుంటాదని సంగటి తానే నా నోట్లో పెట్టేది. శెనక్కాయల చట్నీ అద్ది. అబ్బ, ఆ రుచి ఇంగ యాడా లేదు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఉప్పు తక్కువైందనడమే తప్ప, బాగుందని ఒక్కనాడైనా అన్నాడా ఈ మహానుభావుడు? పోయి సంగటి తట్ట, శెనక్కాయల చట్నీ తెచ్చుకుంది. చట్నీ అద్ది ముద్ద ఆయన నోటి దగ్గర పెట్టింది. ముత్యాలప్ప వేళ్ల మధ్య పోగుంది, నెట్టేయడానికి చెయ్యి ఖాళీ లేదు. నోరు తెరిచాడు.

"ఈ మాట ఆయమ్మకెప్పుడన్నా చెప్పినావా?"

"యాడ చెప్పినా! చెప్తే నెత్తికెక్కి కూచుంటాదనుకుంటి. రానీలే, వస్తానే చెప్తా."

సుబ్బలక్ష్మమ్మకు ఒక చేతిలో పోగు, ఇంకో చేతిలో సంగటి. కళ్లు తుడుచుకునే వీలు కూడా లేదు.

"వస్తాదిలే. అందాకా ఇది తిను" అంటూ ఇంకో ముద్ద పెట్టింది.