రెండు సంచులు

బొగ్గు మోసే బెల్టు ఆగింది. పదకొండు మంది ఆడవాళ్లు నడుములు నిటారు చేసుకుని, తలకు చుట్టుకున్న తువ్వాళ్లతో మొహాలు తుడుచుకున్నారు. తొంభై నాలుగు మే నెల, గోదావరిఖని ఎండ. బొగ్గులోంచి రాయి ఏరే వాళ్లకు మాట్లాడుకునే తీరిక బెల్టు ఆగినప్పుడే. సరిగ్గా ఆ తీరిక చూసి కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. ఒకటో తారీఖు నుంచి ఏరుడు పని ఉండదని చెప్పి, ఎవరి జవాబూ వినకుండా వెళ్లిపోయాడు.

సాంపిల్ తీసే ఎల్లేశం పక్కనే కుండ దగ్గర నీళ్లు తాగుతున్నాడు.

"ఏమైందంట?" బెల్టు ఫిట్టరు ఫరీద్ పానా పట్టుకుని వచ్చాడు.

"బయటి దేశం బొగ్గు ఓడలల్ల వస్తుందట," అంది సారక్క. ఏరేవాళ్లలో ఆమే పెద్దది. "సర్కారు దాని మీద పన్ను తగ్గిచ్చిందట. సిమెంటు ఫ్యాక్టరోళ్లు గదే కొంటరట. అందుకని గనోళ్లు మా ఇరవై ఆరు రూపాల కూలి మిగుల్చుకుంటరట."

"మనది రాయి, వాళ్లది బొగ్గు. ఎట్ల ఆపుతరు?" అన్నాడు ఫరీద్. "ఈ బెల్టుకు బయటి దేశం బేరింగేస్తే ఏడాది నడుస్తుంది. మనది మూడు నెల్లకే ఖతం. అది సుత పన్నేసి ఆపాల్నా?"

"బేరింగుకు ఆకలి గాదు ఫరీద్ భాయ్," అంది సారక్క. ఆడవాళ్లు నవ్వారు. ఫరీద్ కూడా నవ్వి, బెల్టు కిందికి దూరాడు.

సారక్క నవ్వలేదు. "పొమ్మంటే పోతం. గాని గా కాంట్రాక్టరు మనిషి కాయితం జూపెట్టిండు. బెల్టు ఎక్కకముందు తీసిన సంచిల రాయెంతో, వ్యాగన్ల తీసిన సంచిల గంతేనట. వందకు మూడు. మేం ఏరేది ఉత్తదేనట. మరి గా రాళ్ల గుట్ట ఎక్కడిది?"

బెల్టు వెనక ఏరి పారేసిన రాయి ఇంటెత్తు పేరుకుని ఉంది. ఎల్లేశం అటు చూడలేకపోయాడు.

రోజూ పరీక్షకు రెండు సంచులు నింపడం అతని డ్యూటీ. ఒకటి పైన బొగ్గు నిలవ చేసే బంకరులో, గనిలోంచి వచ్చింది వచ్చినట్టు. రెండోది కింద వ్యాగనులో, ఆడవాళ్లు ఏరిన తర్వాత. వ్యాగను సంచిని మెరిసే మంచి బొగ్గు ముక్కలు చూసి నింపమని సూపర్వైజరే చెప్పాడు. పై సంచి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. బంకరుకు డెబ్బై రెండు ఇనుప మెట్లు. ఒక ఎండాకాలం మోకాళ్లు నొచ్చి, ఆ సంచి కూడా వ్యాగనులోనే నింపేశాడు. అడిగినవాడు లేడు. తొమ్మిదేళ్లుగా అదే అలవాటు. చీటీలు రెండు, బొగ్గు ఒకటే.

సారక్క నీళ్లకు వచ్చినప్పుడు కుండ మీది మూత ఎల్లేశమే తీశాడు.

"అక్కా, తప్పు నాది. తొమ్మిదేండ్ల సంది రెండు సంచులు వ్యాగన్లనే నింపిన."

"తెల్వకనా?"

"తెల్వక గాదు. మెట్లెక్క బుద్ధిగాక."

ఆమె తిట్టలేదు. గ్లాసు ముంచి, తాగకుండా అలాగే పట్టుకుంది. "తొమ్మిదేండ్ల సంది మేం ఇక్కడ లేమని రాసినవన్నట్టు," అని నీళ్లు కింద పోసి వెళ్లిపోయింది. తిడితే బాగుండుననిపించింది ఎల్లేశానికి.

నాలుగింటికి సూపర్వైజరు వచ్చాడు. "రేపు సిమెంటోళ్లు ఓడ బొగ్గు పక్కన మనది పెట్టి చూస్తారు. రెండు సంచులూ మంచిగా నింపు. ఇది తప్పిందా, గనే మూతపడుద్ది."

ఎల్లేశం మెట్లెక్కాడు. నలభై మెట్లు దాటాక మోకాలు పట్టేసింది. కాసేపు నిలబడి మళ్లీ ఎక్కాడు. పైన పార ఎక్కడ దిగితే అక్కడే ఎత్తాడు. సంచిలో రాయి గలగలమంది.

కింద వ్యాగనులో అలవాటు కొద్దీ కళ్లు మెరిసే ముక్కలకే పోయాయి. పై సంచిలో నిజం పెట్టి, కింది సంచి ఇట్లా మెరిసే ముక్కలతో నింపితే, ఆడవాళ్ల పనీ నిలబడుతుంది, బొగ్గూ అమ్ముడుపోతుంది. ఆ ఉపాయం తట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది. వాళ్లు ఎంత ఏరారో తెలియాలంటే, ఏరగా మిగిలింది కూడా కనబడాలి. ఎండకు, దుమ్ముకు వాళ్ల చేతులు దాటిపోయిన రాయి కూడా. మొహం పక్కకు తిప్పుకుని, ఎక్కడ పడితే అక్కడ పార దించాడు.

సూపర్వైజరు రెండు సంచులూ విప్పి చూశాడు. "ఏంటిది?"

"బొగ్గు సార్. ఉన్నది ఉన్నట్టు."

"తొమ్మిదేళ్ల కాగితాలు అబద్ధమని నన్ను రాసివ్వమంటావా? ఒలకబోసి మళ్లీ నింపు."

"నేను ఒలకబొయ్య సార్."

"నీ నౌకరీ పోద్ది ఎల్లేశం. నీదొక్కటే కాదు, ఓడ బొగ్గే గెలిస్తే అందరిదీ."

"ఎరుకే సార్. కాయితం మీద నా తప్పు రాయిండ్రి. సంచి ముట్టకుండ్రి."

సూపర్వైజరు వంగి సంచి మూతి పట్టుకున్నాడు. రెండో కొస ఎల్లేశం వదల్లేదు. ఫరీద్ బాగుచేసిన బెల్టు మళ్లీ కదిలింది. సారక్క ఇటు చూడనే లేదు. ఆమె చేతులు రాయిని వెతుక్కుంటున్నాయి.